గ్రూపు నడిపేవాళ్లకీ ఓ గ్రూపు



బుధవారం సాయంత్రం నాలుగు గంటలు. తాగుడు మాన్పించే వార్డు వెనక ఓ రేకుల గది. గుండ్రంగా వేసిన పదకొండు ప్లాస్టిక్ కుర్చీలు. పది కుర్చీల్లో మందు మానాలని వచ్చినవాళ్లు, పదకొండో దాంట్లో నేను. దీన్నే గ్రూప్ థెరపీ అంటారు. ఇక్కడ బిళ్లలిచ్చేదీ లేదు, ఉపన్యాసం దంచేదీ లేదు. వాళ్లు వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటారు. మాట దారి తప్పకుండా, ఎవరి మనసూ గాయపడకుండా చూసుకుంటూ, అవసరమైతే ఒక మాట అందించడం నా పని.

ఆ రోజు కొత్తగా చేరిన ఒకాయన చాలాసేపటికి నోరు విప్పాడు. "నాకు తాగుడు సమస్య కాదండీ, మా ఆవిడే సమస్య" అన్నాడు. పక్కనున్న కుర్రాడు కిసుక్కున నవ్వాడు. ఇంకో ఇద్దరు అందుకున్నారు. అప్పుడు నేను చేయాల్సిందేమిటో పుస్తకాల్లో ఉంది. ఎందుకు నవ్వొచ్చిందని ఆ నవ్వినవాళ్లనే అడగాలి. అదే మాట వాళ్లు కూడా ఏదో ఒక రోజున అన్నవాళ్లేగా! ఆ సంగతి వాళ్ల నోటే వస్తే కొత్తాయనకు తోడు దొరికేది. నేను అడగలేదు. ఎక్కడ గొడవవుతుందోనని కంగారుపడి, సారా కాలేయాన్ని ఎలా తినేస్తుందో పది నిమిషాలు చెప్పుకుంటూ పోయాను. ఆయన మెల్లగా లేచాడు. "ఇక్కడ కూడా బడేనా సార్" అని, గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఇది ఎవరితో చెప్పుకోను? ఇంట్లో చెప్పడానికి లేదు. గ్రూపులో విన్నది గడప దాటకూడదన్నది మొదటి నియమం. మా ఆవిడ రెండుసార్లు "ఏమైంది, అలా ఉన్నారు" అని అడిగి ఊరుకుంది. పై ఆఫీసరుతో చెబితే, రిజిస్టర్లో మానేసినవాళ్లు ఒకరు అని రాసుకుంటారు, అంతే. మూడు వారాలపాటు ఆ కుర్చీ తీయకుండా అలాగే ఉంచాను. పదిమంది మధ్య కూర్చుని చేసే పనిలో ఇంత ఒంటరితనం ఉంటుందని చదువుకునే రోజుల్లో నాకెవరూ చెప్పలేదు.

తర్వాత తర్వాత ఈ వృత్తి చరిత్ర చదువుతుంటే ఓ సంగతి అర్థమైంది. గ్రూపు నడిపేవాళ్ల ఒంటరితనం ఈ వృత్తికి పుట్టుకతో వచ్చిన జబ్బు. దానికి వాళ్లు వెతుక్కున్న మందు కూడా గ్రూపే. ఈ పూట మీతో చెప్పాలనుకున్నది ఆ కథే.

కథ మనసు జబ్బుతో కాదు, క్షయతో మొదలవుతుంది. 1905 జులై 1న అమెరికాలోని బోస్టన్ నగరంలో జోసెఫ్ ప్రాట్ అనే డాక్టరు పేద క్షయ రోగులతో ఓ తరగతి పెట్టాడు. డబ్బున్నవాళ్లు కొండల మీది శానటోరియాలకు పోయేవారు. ఇరుకు వాటాల్లో ఉండేవాళ్లకు ఆ యోగం లేదు. అందుకని ఇంటి పట్టునే గాలీ వెలుతురూ తగిలేలా పడుకోవడం, విశ్రాంతి తీసుకోవడం, రోజూ ఏం తిన్నదీ ఎంత జ్వరమున్నదీ పుస్తకంలో రాసుకోవడం నేర్పి, వారానికోసారి అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టేవాడు. క్షయకు స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో. అంటే ప్రాట్ చేతిలో మందంటూ ఏమీ లేదు. ఉన్నదల్లా ఒకళ్లు బరువు పెరిగారని తెలిస్తే మిగతావాళ్ల ముఖాల్లో కనిపించే వెలుగు. విడివిడిగా చెప్పడానికి తీరిక చాలక అందరినీ ఒకచోట చేర్చిన మనిషి, ఆ చేరడంలోనే ఓ బలం ఉందని నెమ్మదిగా గ్రహించాడు.

రెండో మనిషి పేరు ట్రైగంట్ బర్రో. బాల్టిమోర్‌లో మనోవిశ్లేషణ చేసేవాడు. ఒకనాడు క్లారెన్స్ షీల్డ్స్ అనే ఆయన శిష్యుడు ఎదురు తిరిగాడు. మీరు అడగడం, నేను చెప్పడం ఇదేం న్యాయం, ఓసారి చోట్లు మార్చుకుందాం రండి అన్నాడు. బర్రో సరేనన్నాడు. రోగి చోట్లో కూర్చున్నాక గాని, డాక్టరు చోట్లో కూర్చున్నప్పుడు తానెంత పెత్తనం చేస్తున్నాడో ఆయనకు తెలిసిరాలేదు. అటు కూర్చున్న శిష్యుడికీ వెంటనే అదే పెత్తనం అబ్బింది! ఇద్దరి మధ్య ఇది తెగేది కాదనుకుని మరికొందరిని పిలిచారు. అలా ఓ గ్రూపు తయారైంది. 'గ్రూప్ ఎనాలిసిస్' అనే మాట బర్రోదే. 1920ల మధ్యలో అమెరికా మనోవిశ్లేషకుల సంఘానికి అధ్యక్షుడైన ఈ మనిషిని, గ్రూపు పిచ్చి పట్టిందని, ఆ సంఘమే 1930ల తొలినాళ్లలో సభ్యత్వం లేకుండా చేసింది. సంఘాలు ఆసరాగా నిలవడమే కాదు, అవసరమైతే వెలివేయనూ గలవు. ఈ మాట ముందే చెప్పి ముందుకు పోవడం మంచిది.

ఇక అసలు తగవు న్యూయార్కులో, ఇద్దరి మధ్య. జేకబ్ లెవీ మొరీనో 1889లో బుకారెస్ట్‌లో పుట్టాడు. వియన్నాలో వైద్యం చదివాడు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఆ నగరంలో ఒళ్లమ్ముకుని బతికే ఆడవాళ్లను ఎనిమిదీ పదిమందిగా కూర్చోబెట్టి, వారానికి రెండు మూడుసార్లు మాట్లాడుకోనిచ్చానని ఆయనే రాసుకున్నాడు. మొదట జబ్బుల గురించీ పోలీసుల గురించీ మాట్లాడుకున్నవాళ్లు, కొన్నాళ్లకు ఒకరి కష్టంలో ఒకరు తమను తాము చూసుకోవడం మొదలెట్టారట. 1925లో అమెరికా చేరాడు. 1930ల మొదట్లో 'గ్రూప్ సైకోథెరపీ' అనే పేరును వాడుకలోకి తెచ్చిందీ ఆయనే. మనసులోది నోటితో చెప్పడం కాదు, లేచి నటించి చూపించమనే సైకోడ్రామా ఆయన కనిపెట్టిన పద్ధతి.

ఈ తగవులో రెండోవాడు శామ్యూల్ స్లావ్‌సన్. ఈయన డాక్టరు కాడు, ఇంజనీరింగు చదివినవాడు. రష్యా సామ్రాజ్యం నుంచి చిన్నతనంలోనే వలస వచ్చిన యూదు కుటుంబం. 1934 నుంచి న్యూయార్కులో మొండిపిల్లలతో గ్రూపులు నడిపాడు. గదిలో రంగులు, చెక్కలు, సుత్తులు, తినడానికి ఏవో పెట్టి, పిల్లల్ని వాళ్ల మానాన వదిలేసి, తను ఓ పక్కన ఉండేవాడు. తిట్టడు, పొగడడు. కొట్టుకుంటున్నా వెంటనే అడ్డుపడడు. మూడు వారాలకో ముప్పై వారాలకో ఆ పిల్లలే ఒకరినొకరు సరిదిద్దుకోవడం మొదలెట్టేవారు. కాలేయం గురించి పది నిమిషాల పాఠం చెప్పిన నాబోటివాడికి ఆ ఓపిక చూస్తే సిగ్గేస్తుంది.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. 1942లో మొరీనో ఓ సంఘం పెట్టాడు, గ్రూప్ సైకోథెరపీ, సైకోడ్రామాల అమెరికా సొసైటీ అని. అదే 1942లో స్లావ్‌సన్ చేతుల మీదుగా ఇంకో సంఘం వెలిసింది, అమెరికన్ గ్రూప్ థెరపీ అసోసియేషన్ అని. పదేళ్లకు దాని పేరులో థెరపీ కాస్తా సైకోథెరపీ అయింది. మనుషులు కలిసి కూర్చుంటే బాగుపడతారని లోకానికి చెప్పిన ఇద్దరు పెద్దమనుషులు తాము మాత్రం ఒక గదిలో కూర్చోలేకపోయారు! మొదట చెప్పింది నేనంటే నేనని చివరిదాకా కాట్లాడుకున్నారు. మన సాహిత్య సంఘాల చీలికలు చూసినవాళ్లకూ, అమెరికాలో తెలుగు సంఘాలు ఒకటి రెండై, రెండు నాలుగైన వైనం తెలిసినవాళ్లకూ ఇందులో వింతేమీ ఉండదు.

అయినా ఆ తగవు వృథా పోలేదనే నేననుకుంటాను. పోటీపడి పత్రికలు పెట్టారు, మహాసభలు జరిపారు. 1951లో స్లావ్‌సన్ వైపు నుంచి గ్రూప్ సైకోథెరపీ అంతర్జాతీయ పత్రిక మొదలైంది. ఇప్పటికీ వస్తోంది. 1954లో టొరంటోలో మొదటి అంతర్జాతీయ మహాసభ, 1973లో జ్యూరిక్‌లో అంతర్జాతీయ సంఘం. ఆ సంఘం ఏర్పడిన మరుసటేడే మొరీనో పోయాడు.

ఇంగ్లండు కథ వేరు. అక్కడ దీన్ని నడిపించింది యుద్ధం. బర్మింగ్‌హామ్ దగ్గర నార్త్‌ఫీల్డ్ అనే సైనిక ఆస్పత్రి. రణరంగంలో గుండె చెదిరిన సైనికులను అక్కడికి పంపేవారు. 1942 చివర్లో అక్కడి శిక్షణ విభాగం పగ్గాలు విల్‌ఫ్రెడ్ బియాన్ చేతికొచ్చాయి. ఈ బియాన్ మన మథురలో పుట్టినవాడు, 1897లో. తండ్రి నీటిపారుదల ఇంజనీరు. ఎనిమిదేళ్ల వయసులో చదువుకని ఇంగ్లండు పంపేశారు. మళ్లీ ఈ గడ్డ మీద కాలు పెట్టలేదు. 1979 నవంబరులో చనిపోకపోతే ఆ పై జనవరిలో బొంబాయి రావలసినవాడు. నార్త్‌ఫీల్డ్‌లో ఆయన సైనికులకు పెట్టిన ముఖ్యమైన షరతులు రెండు. ప్రతివాడూ ఏదో ఒక గ్రూపులో చేరాలి, విభాగంలో ఏం జరుగుతోందో అందరూ కలిసి రోజూ అరగంట చూడాలి. విభాగం చిందరవందరగా ఉందా? ఉండనీ. ఎందుకుందో మీరే తేల్చండి అనేవాడు. పై అధికారులు ఆ గందరగోళాన్ని భరించలేకపోయారు. ఆరు వారాలకు ప్రయోగం కట్టిపెట్టించి ఆయన్ను పంపేశారు.

ఆ తర్వాత వచ్చినవాళ్లలో ఒకరు ఎస్.హెచ్. ఫౌక్స్. జర్మనీలో పుట్టిన యూదుడు, అసలు పేరు ఫుక్స్. 1933లో హిట్లర్ రాగానే దేశం విడిచి లండన్ చేరాడు. ఈయన నార్త్‌ఫీల్డ్‌లో చేసిన పని బియాన్ పనికన్నా పెద్ద గొప్పదేం కాదు. తేడా ఒక్కటే. తోటి డాక్టర్లను, నర్సులను, పని నేర్పే అధికారులను కలుపుకుపోయాడు. రోగుల గ్రూపులు నడిచినంత కాలం, వాటిని నడిపేవాళ్ల సమావేశాలూ పక్కనే నడిచాయి. నా లెక్కలో నార్త్‌ఫీల్డ్ పాఠమంతా ఇక్కడే ఉంది. బియాన్ బుద్ధి అందరికన్నా పదునైనదే, కానీ ఆస్పత్రి సిబ్బందిని ఆయన వెంటబెట్టుకోలేదు. ఆ మేధావి ప్రయోగం ఆరు వారాలకే ముగిసింది. నలుగురిని వెంటేసుకున్నవాడి పని యుద్ధం అయ్యేదాకా నిలిచింది. ఫౌక్స్ 1952లో లండన్‌లో గ్రూప్ ఎనలిటిక్ సొసైటీ పెట్టాడు. 1971లో దానికి తోడుగా శిక్షణ కోసం ఓ సంస్థ వచ్చింది.

ఫౌక్స్‌కు 'లీడర్' అనే మాట గిట్టేది కాదు. జర్మన్‌లో లీడర్ అంటే ఫ్యూరర్. ఆ మాట విని పారిపోయి వచ్చినవాడాయె. అందుకని గ్రూపు నడిపేవాడిని 'కండక్టర్' అన్నాడు. ఆయన మనసులో ఉన్నది వాద్యబృందం ముందు నిలబడే కండక్టరే. మనకు కండక్టరంటే ఆర్టీసీ బస్సే గుర్తొస్తుంది. నిజం చెప్పొద్దూ, మన కండక్టరే ఈ పనికి ఎక్కువ పోలిక. స్టీరింగు ఆయన చేతిలో ఉండదు. ఎవరెక్కారో ఎవరు దిగారో ఆయనకు తెలియాలి. ముసలాయన ఎక్కేదాకా బస్సు ఆపాలి. సీటు దగ్గర తగవొస్తే సర్దాలి. అందరూ కూర్చున్నాక రైట్ రైట్ అనాలి. ఆ బుధవారం నేను చేసిన తప్పేమిటంటే, కండక్టర్ని కాస్తా వెళ్లి స్టీరింగు పట్టుకున్నాను.

ఇంతకీ ఈ సంఘాలు ఏం చేస్తాయి? పత్రికలు వేస్తాయి, సర్టిఫికెట్లు ఇస్తాయి, ఏటా సభలు జరుపుతాయి, ఏది తగునో ఏది తగదో నియమాలు రాస్తాయి. స్లావ్‌సన్ పెట్టిన అమెరికా సంఘం 2007లో గ్రూపు నడిపే పద్ధతుల మీద ఓ మార్గదర్శిని వేసింది. 2018లో అక్కడి సైకాలజిస్టుల సంఘం గ్రూపు పనిని ప్రత్యేక నైపుణ్యంగా గుర్తించింది. ఇవన్నీ కావలసినవే. అయితే ఇవి ఏ వృత్తి సంఘమైనా చేసేవే. పెద్ద హోటళ్లలో సభలు, మెడలో బ్యాడ్జీలు, శాలువాలు ఎక్కడైనా ఉంటాయి. వాటి కోసమే అయితే నేను ఇంత దూరం చెప్పేవాణ్ని కాను.

అసలు విశేషం ఇంకోటుంది. అమెరికా సంఘం ఏటా జరిపే సభలకు ముందు రెండు రోజులు, వచ్చిన థెరపిస్టులు చిన్న చిన్న గ్రూపులుగా కూర్చుంటారు. పేషెంట్ల గురించి చర్చించడానికి కాదు. తామే సభ్యులుగా. పాతికేళ్ల అనుభవమున్న ప్రొఫెసరూ, నిన్నగాక మొన్న డిగ్రీ చేత పట్టుకున్న అమ్మాయీ ఒకే వలయంలో ఉంటారు. ఎవరికి ఎవరి మీద కోపమొచ్చింది, ఎవరు మాట్లాడుతుంటే ఎవరికి విసుగేసింది, ఎవరు అందరినీ ఓదార్చి తన సంగతి దాచుకుంటున్నారు, ఇవి బయటికొస్తాయి. చివరగా చెప్పిన రకం మా వృత్తిలో బోలెడంతమంది! తన వీపు తనకు కనపడదు కదా. దాన్ని చూసి చెప్పడానికి ఆ రెండు రోజులు పదిమంది ఉంటారు. లండన్ సంస్థలోనైతే ఇది రెండు రోజుల ముచ్చట కాదు. అక్కడ శిక్షణ పొందాలంటే ఏళ్ల తరబడి ఓ గ్రూపులో సభ్యుడిగా కూర్చోక తప్పదు. బర్రో శిష్యుడు అడిగిన కుర్చీ మార్పిడి చివరికి శిక్షణలో భాగమైపోయిందన్నమాట.

స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసిన అర్విన్ యాలోమ్ పేరు మా వృత్తిలో తెలియనివారుండరు. 1970లో ఆయన రాసిన గ్రూప్ సైకోథెరపీ గ్రంథం ఇప్పటికి ఆరు ముద్రణలు మారింది, ప్రతిసారీ తిరగరాసి. గ్రూపులో మనిషిని బాగుచేసేవి ఇవీ అంటూ ఆయన పదకొండు అంశాలు చెప్పాడు. వాటిలో నాకు బాగా నచ్చినవి రెండు. ఈ కష్టం నా ఒక్కడిదే కాదని తెలియడం ఒకటి. నావల్ల ఇంకొకరికి మేలు జరిగిందని తెలియడం రెండోది. ఈ రెండూ పేషెంట్లకెంత మందో, థెరపిస్టుకూ అంతే మందు. అంతటి యాలోమ్ తానేం చేశాడు? పదిమందికి పైగా తోటి థెరపిస్టులతో, నాయకుడంటూ లేని ఓ గ్రూపులో, రెండు వారాలకోసారి గంటన్నరసేపు ఏళ్ల తరబడి కూర్చున్నానని రాసుకున్నాడు. సర్టిఫికెట్ లేదు, ఫీజు లేదు. కష్టం వచ్చినప్పుడు వెళ్లి చెప్పుకునే చోటు, అంతే.

డాక్టర్లకు కూడా ఇలాంటిదొకటుంది. హంగరీ నుంచి లండన్ వచ్చిన మైకేల్ బాలింట్ 1950లలో మామూలు ఫ్యామిలీ డాక్టర్లను వారం వారం కూర్చోబెట్టి, ఏ రోగిని చూస్తే మీకు చిరాకొస్తుందో చెప్పండి అన్నాడు. జబ్బు గురించి కాదు, ఆ చిరాకు గురించి. ఇప్పటికీ వాటిని బాలింట్ గ్రూపులంటారు. ఏ గవర్నమెంటు ఆస్పత్రిలోనైనా ఓపీ చూసి చూసి, చివరి పేషెంటు మీద కసురుకునే కుర్ర డాక్టర్ని చూసినప్పుడల్లా నాకు బాలింటే గుర్తొస్తాడు.

ఇక మన సంగతి.

మన దేశంలో ఈ పని లేకపోలేదు. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాల సూపరింటెండెంట్ డాక్టర్ విద్యాసాగర్ అనే మహానుభావుడు, ఆస్పత్రి ఆవరణలో గుడారాలు వేయించి రోగుల బంధువులను రోగులతోపాటే ఉంచుకున్నాడు. సాయంత్రాలు అందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని మాట్లాడేవాడు, వాళ్లు అడిగినవాటికి జవాబు చెప్పేవాడు. నయమై వెళ్తున్నవాళ్ల చుట్టాలు కొత్తగా వచ్చినవాళ్లకు ధైర్యం చెప్పేవారు. పిచ్చాస్పత్రి అంటే జీవితాంతం జైలనుకునే రోజుల్లో ఇది మామూలు విషయం కాదు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వాళ్లూ ఆ దశకంలోనే కుటుంబాన్ని వెంట ఉంచుకునే పద్ధతి పట్టుకున్నారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్ల సమావేశాలు 1957లోనే బొంబాయిలో మొదలయ్యాయి. అయితే అక్కడ థెరపిస్టు ఉండడు, తాగి మానినవాళ్లే ఒకరికొకరు.

మన తెలుగు నేలతోనూ ఓ చుట్టరికముంది, కాస్త దూరపుదే అనుకోండి. 1964లో హార్వర్డ్ ప్రొఫెసర్ డేవిడ్ మెక్‌లెలాండ్ మన కాకినాడ వ్యాపారులు 52 మందిని హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు రప్పించి, పట్టుదల అనేది నేర్పితే వస్తుందా అని పరీక్షించాడు. పాఠ్యపుస్తకాల్లో 'కాకినాడ ప్రయోగం' అని ఇప్పటికీ చదువుకుంటారు. అది చికిత్స కాదు. కాని పెద్దవాళ్లను గుండ్రంగా కూర్చోబెట్టి తమ గురించి తామే మాట్లాడుకోనివ్వడమనే విద్య ఆ గదుల్లో కనిపించింది. ఆ హైదరాబాదు సంస్థలోనే పనిచేసిన ఉదయ్ పారీక్, 1970ల తొలినాళ్లలో అప్లైడ్ బిహేవియరల్ సైన్స్ భారతీయ సంఘాన్ని నిలబెట్టినవాళ్లలో ఒకరు. అయిదారు రోజులు పది పన్నెండుమందిని ఎజెండా ఏదీ లేకుండా కూర్చోబెట్టే 'ల్యాబ్'లు ఆ సంఘం నేటికీ నడుపుతోంది. మన కౌన్సెలర్లలో, మానవ వనరుల అధికారుల్లో కొందరు మొదటిసారి సభ్యుడి కుర్చీలో కూర్చున్నది అక్కడే.

మన దేశంలో సైకియాట్రిస్టుల సంఘం 1947 నుంచీ ఉంది, క్లినికల్ సైకాలజిస్టుల సంఘం 1968 నుంచీ ఉంది. వాటి సభలకు నేనూ వెళ్లాను. కొత్త మందుల మీద, కొత్త పరీక్షల మీద పత్రాలు చదువుతారు. భోజనాల దగ్గర పాత మిత్రులు కలుస్తారు. కానీ "నా గ్రూపులోంచి ఒకాయన లేచి వెళ్లిపోయాడు, తప్పు నాదే" అని చెప్పుకోగల గది ఏదీ ఆ కార్యక్రమ పత్రాల్లో నాకు కనబడలేదు. గ్రూపు నడిపేవాళ్లకంటూ తెలుగు జిల్లాల్లో ఓ చోటు ఉండాలని అనిపించింది అప్పుడే.

మనకు గుండ్రంగా కూర్చోవడం కొత్తా? కాదు. రచ్చబండ ఉంది. డ్వాక్రా గ్రూపుల్లో ఆడవాళ్లు చాప పరుచుకుని కూర్చుంటే పొదుపు లెక్కలతో మొదలై అత్తగారింటి బాధలదాకా వస్తాయి. 1992లో నెల్లూరు జిల్లా పల్లెల్లో సారా మీద తిరగబడ్డది కూడా చదువు కోసం రాత్రిపూట ఒకచోట చేరిన ఆడవాళ్లే. మనకు రానిది కూర్చోవడం కాదు. మనకు రానిది గుట్టు. రచ్చబండ మీద అన్న మాట సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది. అందుకే 'గ్రూపులో చెప్పండి' అంటే మన పేషెంటు ముందు తలుపు వైపు చూస్తాడు. అది పిరికితనమని నేననను. చిన్న పట్నంలో ఇంటిపేరు చెబితే చాలు, మూడు తరాలు బయటికొస్తాయి.

ఈ చిక్కే థెరపిస్టుకూ ఉంది. నా గ్రూపు సంగతి మా ఊళ్లోని ఇంకో కౌన్సెలర్‌తో చెప్పుకుందామంటే, ఆయన ఆ పేషెంటు మేనమామకు తెలిసినవాడై ఉండొచ్చు. అందుకని వృత్తి సంఘం మన దగ్గర ఊరి సంఘంగా ఉండకూడదు. రెండు జిల్లాల అవతలి మనిషి కావాలి. పేరు, ఊరు, కులం, ఉద్యోగం అన్నీ తీసేసి, జరిగింది మాత్రమే చెప్పగలగాలి. ఇంకా ముఖ్యం, పేషెంటు గురించి కాక ఎక్కువగా నా గురించి చెప్పుకోవాలి. ఇదేమీ పాశ్చాత్యుల దగ్గర అరువు తెచ్చుకున్న నియమం కాదు. మన చుట్టరికాల లోకంలోనే దీని అవసరం ఎక్కువ.

ఆ మూడు వారాల తర్వాత నేను చేసింది అదే. వేరే జిల్లాలో పనిచేసి రిటైరైన ఒక పెద్దావిడకు ఫోన్ చేశాను. మా గురువుల తరం మనిషి. జరిగిందంతా చెప్పాను. నవ్విన కుర్రాడి గురించి, వెళ్లిపోయినాయన మొండితనం గురించి, వార్డులో వసతులు లేకపోవడం గురించి. ఆవిడ అన్నీ విని ఒకటే అడిగారు. "ఆయన లేచి వెళ్తున్నప్పుడు నువ్వెటు చూశావురా?"

జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది. నేను గోడ గడియారం వైపు చూశాను. ఇంకా ఇరవై నిమిషాలుంది, ఎలా గడుస్తుందా అని. ఆయన వైపు చూడలేదు, మిగిలిన తొమ్మిదిమంది వైపూ చూడలేదు. ఈ మాట నేను ఏ కేస్ షీట్‌లోనూ రాసుకోలేదు, ఆవిడ అడక్కపోతే నాకైనా తెలిసేది కాదు. "ఊఁ, వచ్చే బుధవారం ఆ తొమ్మిదిమందికి ఈ సంగతే చెప్పు" అన్నారావిడ.

చెప్పాను. ఆ రోజు నేను భయపడి పాఠం చెప్పానని, అందుకే ఆయన వెళ్లిపోయాడేమోనని అన్నాను. గది నిశ్శబ్దమైపోయింది. నవ్విన కుర్రాడే మొదట మాట్లాడాడు. "నేను నవ్వింది ఆయన మాటకు కాదు సార్. మొదటిరోజు నేనూ అదే అన్నాను, అది గుర్తొచ్చి." అక్కణ్నుంచి గంటన్నర నేను నోరెత్తాల్సిన పని పడలేదు. వెళ్లిపోయినాయన మాత్రం తిరిగి రాలేదు. ఆ లోటు లోటే.

ఇప్పుడు మేం నలుగురం. నాలుగు జిల్లాలు. నెలలో మొదటి శనివారం రాత్రి తొమ్మిదికి ఫోన్లో కలుస్తాం. ఒకరు ఆ నెల చేసిన పొరపాటు చెప్తారు, ముగ్గురు వింటారు. సలహా ఇవ్వడం నిషేధం. ఈ నిషేధాన్ని మొదటి ఆర్నెల్లూ మేం నలుగురమూ ఉల్లంఘించాం. దీనికి పేరు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, శాలువాలు లేవు. పెద్దావిడ అప్పుడప్పుడు లైన్లోకి వచ్చి, వినికిడి తగ్గిందని విసుక్కుని వెళ్లిపోతుంటారు.

ఫౌక్స్ ఎలా పోయాడో చెప్పనేలేదు. 1976లో, లండన్‌లో, సాటి సీనియర్ థెరపిస్టులతో ఒక గ్రూపు నడుపుతూ, ఆ కుర్చీలోనే ప్రాణం విడిచాడు. డెబ్బై ఏడేళ్లు. అప్పటికీ ఆయన తోటివాళ్లతో కూర్చోవడం మానలేదు.

ఈ ప్రసంగం వింటున్నవాళ్లలో వార్డులో, కాలేజీలో, స్వచ్ఛంద సంస్థలో గ్రూపులు నడిపేవాళ్లుంటే, మీకు ఫోన్ చేయగల మనిషి ఒకరున్నారో లేదో ఈ రాత్రే చూసుకోండి. గ్రూపులో సభ్యులుగా కూర్చుంటున్నవాళ్లకు ఒక మాట. మిమ్మల్ని నడిపే డాక్టర్నో కౌన్సెలర్నో ఈసారి మొహమాటపడకుండా అడగండి, "మేం మీకు చెప్పుకుంటాం, మరి మీరెవరికి చెప్పుకుంటారండీ?" అని. తెల్లముఖం వేస్తే కోపగించుకోకండి. మళ్లీ వచ్చే వారం అడగండి.